చీనీ చెట్టుకు ఎన్ని నీళ్లు?

అనంతపురం సీమలో చీనీ తోట ఉందంటే ఆ ఇంటికి ఓ ధీమా. ఆ ధీమా నిలిచేదీ కూలేదీ మే నెలలోనే. బోర్లు లోతుకు దిగాయి. డ్రిప్పు వచ్చింది. సబ్సిడీలు అందాయి. అయినా కరవొచ్చిన ప్రతిసారీ తోటలు ఎందుకు ఎండాయి?

తెల్లవారుజాము నాలుగు గంటలు. ఊరింకా లేవలేదు. మట్టిబాట మీద ట్రాక్టరు వెనక ట్యాంకరు ఊగుకుంటూ పోతుంటుంది. ఎవరింట్లోనూ పెళ్లి లేదు. అవి తాగే నీళ్లూ కావు. చీనీ తోటకు! అప్పటికే ఇంటిల్లిపాదీ తోటలో ఉంటారు. ఒకరు పైపు పడతారు. ఒకరు పారతో పాదు సరిచేస్తారు. పిల్లాడు టార్చిలైటు చూపిస్తాడు. ఏ చెట్టు దగ్గర పైపు ఎంతసేపు ఉంచాలో ఇంటిపెద్ద నోట్లోనే లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ట్యాంకరు 5000 లీటర్లది. చెట్టుకు 50 లీటర్లు పోస్తే సరిగ్గా 100 చెట్లకు వస్తాయి. ఆరు మీటర్ల ఎడంలో నాటిన ఎకరం తోటలో చెట్లేమో 112. మిగిలిన 12 చెట్లూ రేపటిదాకా ఆగాల్సిందే.

పుట్లూరు, యల్లనూరు, నార్పల, తాడిమర్రి, ముదిగుబ్బ... కరవు కాటేసిన వేసవుల్లో ఈ మండలాల చీనీ రైతులకు బాగా తెలిసిన దృశ్యమిది. నల్గొండ జిల్లాలో ఇదే పండును బత్తాయి అంటారు. అక్కడి తోటలూ ఇలాంటి వేసవులు చూశాయి.

వేరుశనగ ఎండిపోతే ఆ ఏటి పెట్టుబడి పోతుంది. వచ్చే జూన్‌లో మళ్లీ విత్తనం వేసుకోవచ్చు. చీనీ అలా కాదు. అంటు నాటిన దగ్గర్నుంచి కాపు మొహం చూడాలంటే నాలుగైదేళ్లు. ఆ తరవాత సరిగ్గా సాకితే ఇరవై ఏళ్లపాటు కాస్తూనే ఉంటుంది. అందుకే ఆ తోట మీద కూతురి పెళ్లి ఉంటుంది, కొడుకు ఇంజినీరింగు ఫీజు ఉంటుంది, బ్యాంకు అప్పూ ఉంటుంది. మే నెలలో ఇరవై రోజులు నీళ్లు అందకపోతే పోయేది ఒక పంట కాదు, అన్నేళ్ల బతుకు. వేల రూపాయలు పోసి ట్యాంకర్లు తోలేది అందుకే. చాలాసార్లు ఆ ట్యాంకర్ల ఖర్చు ఆ ఏడు పండు మీద రాదు. ఆ సంగతి రైతుకూ తెలుసు.

ఏడెకరాల వాన తాగే ఎకరం

2022లో శ్రీసత్యసాయి జిల్లా విడిపోక ముందరి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో జైసల్మేర్ తరవాత ఈ జిల్లానే చెబుతుంటారు. పడే ఆ వాన కూడా ఏడాది పొడవునా పడదు. చాలామటుకు జూన్ నుంచి నవంబరు లోపలే. డిసెంబరు నుంచి మే దాకా ఆకాశం వంక చూడటం దండగ.

ఓ చిన్న లెక్క వేసి చూద్దాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడిందంటే అది ఒక లీటరు నీళ్లతో సమానం. ఆ లెక్కన ఎకరం మీద 550 మిల్లీమీటర్లు పడితే దాదాపు 22 లక్షల లీటర్లు. అబ్బో, ఎంత నీరో అనిపిస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం ఎండకు ఆవిరైపోతుంది. కొంత వాగుల్లోకి పోతుంది. ఈ రాతి నేలల్లో భూమిలోకి దిగి బోర్లకు అందేది పదో వంతు ఉంటే గొప్ప. అంటే 2.2 లక్షల లీటర్లు. మరి 112 చెట్లున్న ఎకరం తోటకు రోజుకు చెట్టుకు సగటున 55 లీటర్ల చొప్పున, వానల్లేని 250 రోజులకు కావలసిందెంత? 15 లక్షల లీటర్ల పైమాటే!

మోటుగా వేసిన లెక్కే ఇది. నేలనుబట్టి, చెట్టునుబట్టి అటూ ఇటూ అవుతుంది. అయినా సంగతి అర్థమవుతుంది. ఒక ఎకరం చీనీ తోట పచ్చగా ఉందంటే దాదాపు ఏడెకరాల్లో కురిసిన వానను తాగుతోందన్నమాట. చుట్టూ ఆరెకరాలు మెట్టగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఆ ఆరెకరాల్లోనూ తోటలే వేస్తే?

వేశారు. తప్పు పట్టలేం. వేరుశనగ ఏటా ముంచుతుంటే పక్కవాడి చీనీ తోట పచ్చగా కనిపిస్తుంది. ఒకప్పుడు 40, 50 అడుగుల బావి ఉండేది. తరవాత 200 అడుగుల బోరు. ఇప్పుడు 600, 800 అడుగులకు దించినవీ ఉన్నాయి. ఈ ప్రాంతమంతా గ్రానైటు రాయి. నీరు ఉండేది పైనున్న మెత్తబడిన పొరలోనూ, దానికింద పగుళ్లలోనూ. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అందుకే బోరు లారీ వచ్చిన రాత్రి టెంకాయ కొట్టి, దండం పెట్టుకుని, ‘ఎన్ని ఇంచులన్నా?’ అని ఆత్రంగా అడగడం... తెల్లారేసరికి తెల్లటి రాతిపొడి కుప్ప తప్ప ఏమీ మిగలకపోవడం. ఒక బోరు పడకపోతే ఇంకోటి. రెండోది పడకపోతే మూడోది. చెట్లు కళ్లముందు వాడిపోతుంటే ఆగమని చెప్పడం ఎవరి తరం?

కారిన గొట్టం చెప్పిన పాఠం

చెట్టుకు నీళ్లు పెట్టడమంటే పాదు నిండా పారించడమేనని ప్రపంచమంతా నమ్మిన రోజుల్లో, 1930ల్లో, పాలస్తీనాలో సిమ్‌చా బ్లాస్ అనే నీటిపారుదల ఇంజినీరు ఓ విచిత్రం గమనించాడు. వరసలో ఉన్న చెట్లన్నిటికంటే ఒక చెట్టు ఏపుగా పెరిగింది. దానికి విడిగా ఎవరూ నీళ్లు పెట్టింది లేదు. తవ్వి చూస్తే భూమిలో ఉన్న గొట్టం అతుకు దగ్గర చుక్కచుక్కగా కారుతోంది. పైన నేల మీద కనిపించిన తడి చాలా చిన్నది. లోపల మాత్రం వేళ్లకు కావలసినంత. ప్లాస్టిక్ గొట్టాలు చవకయ్యాక ఆయన ఆ ఆలోచనను సాధనంగా మార్చాడు. 1965లో ఇజ్రాయెల్‌లోని హట్జెరిమ్ అనే సమష్టి పల్లెలో దాని తయారీకి కంపెనీ ఏర్పడింది. అదే డ్రిప్పు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నవంబరులో సూక్ష్మ సాగునీటి పథకం మొదలైంది. ఒక రాష్ట్రమంతటికీ ఇంత పెద్దయెత్తున ఇలాంటి పథకం తేవడం దేశంలో అదే మొదలు. నల్లటి లేటరల్ పైపులు తోటల్లోకి వచ్చాయి. పాదుల్లో పారించడంతో పోలిస్తే డ్రిప్పుతో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు ఆదా అవుతాయి. ఇందులో అబద్ధం లేదు. కలుపు తగ్గింది. కూలి ఖర్చు తగ్గింది. ఎరువులు నీళ్లతోపాటే వేళ్లకు చేరాయి. ఆనకట్ట నీళ్లు అందని సీమ రైతుకు డ్రిప్పు చేసిన మేలు తక్కువేమీ కాదు.

చిక్కంతా ఆ తరవాతే వచ్చింది. మూడెకరాల తోటకు సరిపోయే బోరుంది. డ్రిప్పు వేశాక అందులో సగం నీళ్లు మిగిలాయి. మిగిలిన నీళ్లను ఏం చేయాలి? భూమిలోనే వదిలేయాలని రైతుకు ఎందుకు అనిపిస్తుంది! తను వదిలితే పక్కవాడి బోరు తోడేస్తుంది. పైగా 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. మోటారుకు ఆటో స్టార్టరు తగిలిస్తే కరెంటు వచ్చినప్పుడల్లా దానంతటదే ఆడుతుంది. అందుకే మూడెకరాల తోట అయిదెకరాలైంది. అయిదు ఎనిమిదైంది. చెట్టుకు వాడే నీళ్లు తగ్గాయి, భూమిలోంచి తోడే నీళ్లు మాత్రం తగ్గలేదు.

ఈ మెలిక కొత్తదేం కాదు. తక్కువ బొగ్గుతో నడిచే ఆవిరి యంత్రాలు వస్తే దేశంలో బొగ్గు వాడకం తగ్గదు సరికదా, పెరుగుతుందని ఇంగ్లండు ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే రాశాడు. యంత్రం చవగ్గా నడిస్తే ఎక్కువ యంత్రాలు పెడతారన్నది ఆయన వాదన. ఇక్కడ యంత్రాలకు బదులు చెట్లు, అంతే. ప్రభుత్వాల లెక్కల్లో ఎన్ని ఎకరాలకు డ్రిప్పు పరిచారన్నది గొప్పగా కనిపిస్తుంది. ఆ ఊరి భూమిలో నీటిమట్టం ఎన్ని అడుగులు నిలబడిందన్నది ఆ పక్కనే వేసి చూపిస్తే బాగుండేది.

డ్రమ్ము, గడియారం

తోటకు ఎన్ని చెట్లు పెట్టుకోవచ్చో తేల్చడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము, చేతికి గడియారం ఉంటే చాలు. కాకపోతే కొలిచే నెల ముఖ్యం.

అయిదెకరాల్లో 560 చెట్లున్న తోట అనుకుందాం. కార్తీకంలో మోటారు వేసి డ్రమ్ము కింద పెడితే రెండు నిమిషాల్లో నిండింది. అంటే నిమిషానికి 100 లీటర్లు. తొమ్మిది గంటల కరెంటుకు 54 వేల లీటర్లు. ఇక చెట్టు సంగతి. నాలుగు మీటర్ల గొడుగున్న చెట్టు నీడ సుమారు 12.5 చదరపు మీటర్లు. చలికాలంలో రోజుకు నాలుగు మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరిలో పదికి ఏడు పాళ్లు చెట్టుకు ఇవ్వాలని లెక్కేస్తే 35 లీటర్లు. 560 చెట్లకు 20 వేల లీటర్లు కూడా అక్కర్లేదు. ఇంకా 34 వేలు మిగిలే ఉన్నాయి! ఇంకో అయిదెకరాలు నాటేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది.

అదే బోరును మేలో కొలవండి. డ్రమ్ము నిండటానికి అయిదు నిమిషాలు పట్టిందనుకుంటే, నిమిషానికి 40 లీటర్లు. తొమ్మిది గంటలకు 21,600 లీటర్లు. ఎండకు రోజుకు పది మిల్లీమీటర్లు ఆవిరవుతుంటే అదే చెట్టుకు 88 లీటర్ల దాకా కావాలి. ఆ నీళ్లు 245 చెట్లకే వస్తాయి. తోటలో ఉన్నవి 560. బోరు సగానికి సగం పడిపోయే నెలలోనే చెట్టు దాహం రెండున్నర రెట్లవుతుంది. కార్తీకంలో కొలిచి నాటినవాళ్లు వైశాఖంలో ట్యాంకర్లు తోలాల్సి వచ్చేది ఇందుకే. వానలు బాగా పడిన ఏడాది మేలో కొలవడం కూడా మోసమే. పడని ఏడాది మే నెల ఎలా ఉందో గుర్తుచేసుకోవాలి.

చెట్టు నోరు ఎక్కడుంది?

సరే, చెట్లు నాటేశారు. ఉన్న నీళ్లతో వాటిని గట్టెక్కించాలి. ఇక్కడ పనికొచ్చే పద్ధతులు చాలానే ఉన్నాయి. కొన్ని తాతలనాటివే.

చాలా తోటల్లో కనిపించే తప్పు ఒకటుంది. మొక్క చిన్నప్పుడు మొదట్లో పెట్టిన డ్రిప్పర్లు, అది పదేళ్ల చెట్టయ్యాక కూడా అక్కడే ఉంటాయి. చెట్టు నీరు తాగేది కాండం దగ్గరున్న లావు వేళ్లతో కాదు. కొమ్మల అంచు నీడ ఎక్కడ పడుతుందో అక్కడిదాకా పరుచుకున్న సన్నటి పీచు వేళ్లతో. అవి కూడా చాలావరకు పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. చెట్టు గొడుగు పెరిగేకొద్దీ డ్రిప్పర్లను బయటికి జరపాలి, సంఖ్య పెంచాలి. గంటకు ఎనిమిది లీటర్లిచ్చే డ్రిప్పర్లు నాలుగు వైపులా నాలుగుంటే గంటకు 32 లీటర్లు. మొదట్లోనే నీళ్లు కారుతుంటే దాహం తీరకపోగా కొత్త రోగం. చీనీ జాతికి కాండం తడిగా ఉంటే బంకతెగులు, వేరుకుళ్లు పట్టుకుంటాయి. అందుకే డ్రిప్పు లేని తోటల్లోనూ కాండం చుట్టూ చిన్న మట్టికట్ట వేసి, దాని బయట ఇంకో వలయంలో నీళ్లు పెట్టమని ఉద్యాన అధికారులు చెబుతుంటారు. నీళ్లు లేక చచ్చిన చెట్లను అందరూ లెక్కపెడతారు. నీళ్లు ఎక్కువై చచ్చినవీ తక్కువేం కాదు.

డ్రిప్పు అంటే వేసి మరచిపోయేదీ కాదు. ఇక్కడి బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. డ్రిప్పర్ల రంధ్రాలు తెల్లగా పూడుకుపోతాయి. ఫిల్టరు కడగాలి, పైపు కొసలు విప్పి మడ్డి వదలాలి, అప్పుడప్పుడూ ఆమ్లం పంపి శుభ్రం చేయాలి. ఇవి చేయని తోటలో వరస మొదట్లోని చెట్లు పచ్చగానూ చివరివి పసుప్పచ్చగానూ కనిపిస్తాయి. దాహమేసిన ఉడతలు పైపు కొరికిన చోట ఒక్కటే గడ్డి దుబ్బు ఏపుగా ఉంటుంది. బ్లాస్ చూసిన చెట్టులాగా!

తడి ఆరకుండా పాదును కప్పడం రెండో పని. ఇక్కడ దీనికి చేతికందే సరుకు వేరుశనగ పొట్టు. రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే ఎండ నేరుగా మట్టికి తగలదు. వరిగడ్డి, ఎండుటాకులు, చెరకు పిప్పి ఏదైనా సరే. చెదలు ఓ కంట కనిపెట్టాలి. కాండానికి ఆనకుండా వేయాలి. నల్ల ప్లాస్టిక్ షీటు ఇంకా బాగా పనిచేస్తుంది కానీ అది మట్టిలో కలవదు. పొట్టు కలుస్తుంది, కలిసి మట్టికి నీళ్లు పట్టుకునే గుణం ఇస్తుంది. వేసవిలో పాదుల మధ్య లోతుగా దున్నడం మాత్రం మానుకోవాలి. తడి ఆవిరైపోతుంది, పీచు వేళ్లూ తెగుతాయి. అంటు కొనేటప్పుడే రంగపూర్ నిమ్మ మీద కట్టినదా అని అడిగి తీసుకుంటే మేలు. ఆ వేరుకు బెట్టను తట్టుకునే శక్తి ఎక్కువ.

నీళ్లు ఎప్పుడు ఆపొచ్చో తెలియడం అన్నిటికంటే పెద్ద విద్య. ఇది చీనీ రైతుకు కొత్త కాదు. పూతకు ముందు కొన్ని వారాలు నీళ్లు ఆపి, చెట్టును వాడనిచ్చి, కొంత ఆకు రాల్చాక మెల్లగా తడులిస్తే ఒక్కుమ్మడిగా పూత వస్తుంది. బెట్టకు వదలడం అంటారు దీన్ని. చెట్టుకు ఎంత కరవు పెట్టాలో, ఎక్కడ ఆపాలో చేతి అలవాటుతో తెలిసినవాళ్లు పల్లెపల్లెకూ ఉన్నారు. అయితే పూత నిలిచి పిందె పడ్డాక, కాయ ఊరే దాకా మాత్రం నీళ్లు తగ్గితే చెట్టు క్షమించదు. జనవరి, ఫిబ్రవరిల్లో పూసిన చెట్టుకు ఈ కీలక సమయమంతా సరిగ్గా వేసవిలోనే వస్తుంది. అందుకే నీళ్లు చాలవని ముందే తెలిసిన ఏడాది అనుభవజ్ఞులు ఓ కఠినమైన పని చేస్తారు. పిందెలు దులిపేస్తారు. కొమ్మలు కత్తిరించి గొడుగు తగ్గించి, కోసినచోట బోర్డో పేస్టు పూస్తారు. ఆకు తగ్గితే దాహం తగ్గుతుంది. ఆ ఏడు పండు ఉండదు, చెట్టు ఉంటుంది. ఇంట్లో దీనికి ఒప్పించడం అంత తేలిక కాదు. కాయతో ఉన్న కొమ్మ మీద కత్తి వేయడానికి చేతులు రావు. అలాగని మే దాకా ఆగితే, అప్పుడు కత్తిరించినా లాభం ఉండదు.

బాదం పప్పు, నాలుగు లీటర్లు

తోట పెంచుకుంటూ పోయి నీటి దగ్గర చిక్కుకున్నది అనంతపురమొక్కటే కాదు. పిల్లలకు జ్ఞాపకశక్తి కోసమని రాత్రి నానబెట్టి పొద్దున పొట్టు తీసి పెట్టే బాదం పప్పు కథ కూడా ఇదే. ప్రపంచంలో పండే బాదంలో దాదాపు 80 శాతం అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానిదే. దాన్ని ఎక్కువగా కొనే దేశాల్లో ముందున్నది మనదే. అక్కడి శాన్‌వాకిన్ లోయ కూడా వానలు తక్కువున్న నేలే. రైతులు పత్తి లాంటి ఏడాది పంటలు మాని, డ్రిప్పు పరిచి, బాదం చెట్లు నాటుకుంటూ పోయారు. పత్తికైతే కరవు ఏడాది పొలం బీడు పెట్టొచ్చు. చెట్టును బీడు పెట్టడం కుదరదు. 2012 నుంచి 2016 దాకా సాగిన కరవులో కాలువలు ఎండితే బోర్లు ఇంకా లోతుకు దించారు. ఒక్క బాదం పప్పుకు సుమారు నాలుగు లీటర్ల నీళ్లన్న లెక్క అక్కడి పత్రికల్లో దుమారం రేపింది ఆ రోజుల్లోనే.

ఆ లోయలో నీళ్లు తోడితోడి భూమే కుంగింది. 1977లో తీసిన ఓ ఫొటో ప్రపంచమంతా ప్రసిద్ధం. ఓ కరెంటు స్తంభం పక్కన శాస్త్రవేత్త నిలబడి ఉంటాడు. ఆయన తలకు ఎంతో ఎత్తున 1925 అని బోర్డు. నేల ఒకప్పుడు అక్కడుండేది! అర్ధశతాబ్దంలో దాదాపు తొమ్మిది మీటర్లు దిగిపోయింది. చివరికి 2014లో భూగర్భజలాల చట్టం తెచ్చారు. ఏ ప్రాంతంలో ఎంత ఇంకుతుందో అంతకు మించి తోడకుండా 2040ల నాటికి దారికి రావాలన్నది దాని సారం. ఆ తరవాత కొన్నిచోట్ల బాదం తోటలు పీకేయడం మొదలైంది. పీకిన చెట్లను తగలబెట్టకుండా ముక్కలు చేసి అదే మట్టిలో కలుపుతున్నవాళ్లున్నారు. మట్టి నీళ్లు పట్టుకుంటుందని.

వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గ పనితనం ఉంది. చెట్టుకు దాహం వేసిందా లేదా అని నేలను కాకుండా చెట్టునే అడుగుతారు. ఒక ఆకు తెంపి చిన్న ఉక్కు డబ్బాలో బిగించి గాలి ఒత్తిడి పెంచుతారు. కాడ చివర నీటి చుక్క ఎంత ఒత్తిడికి బయటికొచ్చిందో చూసి చెట్టు ఎంత దప్పికతో ఉందో చెబుతారు. బాదం పైతొక్క విచ్చే రోజుల్లో కావాలనే నీళ్లు తగ్గిస్తారు. దానివల్ల నీళ్లూ మిగులుతాయి, తొక్కకు పట్టే కుళ్లూ తగ్గుతుంది. మన బెట్ట పద్ధతికి ఇది దూరపు చుట్టమే. దక్షిణ కాలిఫోర్నియాలో అవకాడో రైతులు నీళ్లు కరవైనప్పుడు చెట్లను మోడులుగా నరికి తెల్లరంగు పూసి వదిలేస్తారు. రెండు మూడేళ్లు కాపు ఉండదు. నీళ్లొచ్చాక మళ్లీ చిగురుస్తాయి.

గట్టు అవతలి బోరు

ఇన్ని చేసినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఒక రైతు పొదుపు చేసిన నీళ్లు అతడి భూమిలోనే ఉంటాయా? గట్టు అవతల ఇంకో బోరు ఉంటే ఉండవు. వాననీటిని ఇంకించే కందకాలు, పంటకుంటలు మంచివే. కానీ కుంటకు ప్లాస్టిక్ షీటు పరిచి బోరు నీళ్లతో నింపుకుంటే అది ఇంకుడు కాదు, ఎండకు నీళ్లను ఆరబెట్టడం. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి అంది. అర్ధరాత్రి వచ్చే బోరు లారీలకు ఆ చట్టం పెద్దగా అడ్డుపడలేదు.

చట్టం చేయలేనిది కొన్ని పల్లెలు చేసి చూపించాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 ప్రాంతంలో అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని వందల పల్లెల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. గోడ మీద రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఇన్ని నీళ్లున్నాయి, ఈ పంటలకు ఇన్ని కావాలి అని బడ్జెట్ వేసుకున్నారు. ఎవరినీ ఏ పంటా మానమని శాసించలేదు. లెక్క కళ్లముందు పెట్టారంతే. చాలామంది వరి తగ్గించుకున్నారు.

వాసన్ లాంటి స్వచ్ఛంద సంస్థల చొరవతో అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇంకో ప్రయత్నం జరిగింది. ఊళ్లో కొందరి బోర్లను పైపులతో కలిపారు. బోరున్నవాళ్లు, లేనివాళ్లకు ఖరీఫ్‌లో ఒకటి రెండు ప్రాణతడులు ఇవ్వాలి. బదులుగా కొన్నేళ్లపాటు ఎవరూ కొత్త బోరు వేయకూడదు. బోరున్నవాడికి ఇందులో ఏమిటి లాభం? పక్కన పోటీ బోరు రాదు. ఏటా లక్షలు పోసి లోతుకు దించుకునే బాధ తప్పుతుంది. తన మోటారు కాలినా పంట మీదికి రాకుండా పక్క బోరు ఆదుకుంటుంది. తమ్ముడి బోరు అన్న తోటకు, అన్న బోరు మామ చేనుకు. ఒకే రక్తం పంచుకున్నవాళ్లే నీళ్ల దగ్గర కోర్టుకెక్కిన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. అయితే తోట ఉన్నవాళ్లను ఇలాంటి ఒప్పందానికి ఒప్పించడం వేరుశనగ రైతులను ఒప్పించినంత సులభం కాదు. తోటకు ఏడాదంతా నీళ్లు కావాలి. ‘ఇప్పుడున్న చెట్ల వరకే నీళ్లు, కొత్తగా నాటేవాటికి లేదు’ అన్న షరతు దగ్గర మాట తెగిపోతుంది.

అందుకే అసలు నీళ్లు అడగని తోటల వైపు చూసినవాళ్లూ ఉన్నారు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకం కింద మెట్టభూముల్లో గుంతలు తీసి మామిడి మొక్కలు నాటారు. మొదటి రెండు మూడు వేసవుల్లో మాత్రం మోసి నీళ్లు పోస్తే చాలు. తరవాత వానే ఆధారం. సీతాఫలం, రేగు, ఉసిరి, చింత కూడా ఈ నేలకు అలవాటైనవే. చీనీ అంత రాబడి రాదు. మేలో నిద్ర మాత్రం పడుతుంది.

హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు 2012లో జీడిపల్లికి, 2016లో గొల్లపల్లి జలాశయానికి చేరాయి. చెరువులకు నీళ్లు మళ్లిన చోట చుట్టుపక్కల బోర్లు పైకొచ్చాయి. సంతోషించాల్సిందే. బోరు పైకి రాగానే ఏమవుతుందో కూడా ఈ సీమకు తెలుసు. నర్సరీల్లో చీనీ అంట్లకు గిరాకీ వచ్చేది తొలకరి తరవాత, జూన్, జులైల్లో. డ్రమ్ము పెట్టి బోరు కొలవాల్సింది అంతకు నెల ముందు.